భూమి మీద కాదు, భూమికి పైన

ఉద్యోగ జ్ఞాపకాలు రాయమంటే మొదట నవ్వొచ్చింది. ముప్ఫై ఏళ్ళు పనిచేసి, దండలు వేయించుకుని, శాలువా మడిచి బీరువాలో పెట్టుకున్నవాళ్ళు రాయాల్సిన వ్యాసం ఇది. నేను పనిచేసింది మూడేళ్ళు. అదీ టెంపరరీ సైన్సు టీచరుగా. రెండో పిల్ల కడుపులో ఉండగా ఒక శనివారం సుద్దముక్క బల్ల మీద పెట్టి ఇంటికొచ్చేశాను, అంతే. అయినా భిలాయిలో మన తెలుగు బడిలో ఈ ఏడు కొత్తగా చేరిన టీచర్లిద్దరు స్మృతి నగర్లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, సావనీరుకి ఏదైనా రాయమని అడిగారు. "పాఠం చెప్పడంలో మీకు బాగా గుర్తున్న రోజు" అన్నారు. పిల్లలిద్దరూ పడుకున్నాక కూర్చున్నాను. చిన్నది లేస్తే వాక్యం అక్కడే ఆగిపోతుంది, సర్దుకోండి.

నాకు బాగా గుర్తున్నది పాఠం చెప్పిన రోజు కాదు. చెప్పిన పాఠం బడిగేటు దాటి వీధిలోకి వెళ్ళిపోయిన తర్వాతి రోజులు.

తొంభై ఐదులో దీపావళి వెళ్ళిన మర్నాడే సూర్యగ్రహణం వచ్చింది. భిలాయిలో పూర్తిగా పట్టలేదు కానీ, మన సెక్టారు వీధులు మాత్రం కర్ఫ్యూ పెట్టినట్టు ఉన్నాయి. తలుపులు మూశారు, కిటికీలకు దుప్పట్లు కట్టారు. నేను బడి మైదానంలో బైనాక్యులర్ ఒకటి స్టాండుకి కట్టి, దాని వెనక తెల్ల అట్ట పెట్టి, సూర్యుడి బొమ్మ అట్ట మీద పడేట్టు చేశాను. నేరుగా చూడకూడదు కాబట్టి ఆ ఏర్పాటు. పిల్లలందర్నీ రమ్మన్నాను. తొమ్మిదో తరగతి నుంచి ఒక్క అమ్మాయి వచ్చింది. వాళ్ళ నాన్న జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసేవాడు. తాతది విజయనగరం వైపు. ఆ పిల్ల తెలుగు పుస్తకం గడగడా చదివేది కానీ ఆడుకునేది హిందీలో, కోపం వస్తే తిట్టేది కూడా హిందీలోనే. మన బడిలో సగంమంది అంతే.

అట్ట మీద పళ్ళెమంత సూర్యుణ్ణి చూసి ఆ అమ్మాయి, "టీచర్, బుక్కులో సూర్యుడికి మచ్చలున్నాయి. ఇక్కడ లేవేంటి? అట్ట సాఫ్‌గానే ఉంది కదా?" అంది.

మచ్చలు ఎప్పుడూ ఒకేలా ఉండవని చెప్పాను. దాదాపు పదకొండేళ్ళకు ఒక చుట్టుగా సూర్యుడు చురుకెక్కుతాడు, నెమ్మదిస్తాడు. చురుగ్గా ఉన్నప్పుడు మచ్చలు ఎక్కువ. ఇప్పుడు నెమ్మదించే కాలం. అక్కడితో ఆపి ఉంటే ఈ వ్యాసమే లేదు. ఎదురుగా వినేవాళ్ళు ఒక్కరే ఉంటే మనకు తెలిసినదంతా చెప్పెయ్యాలనిపిస్తుంది. సూర్యుడి నుంచి అన్నివైపులకూ ఒక గాలి వీస్తూ ఉంటుందని చెప్పాను. మనం పీల్చే గాలి కాదు, విద్యుత్తు నిండిన సన్నటి కణాల ధార, దాంతోపాటు సాగే అయస్కాంత బలం. విశ్వకిరణాలు అని వేరే ఉన్నాయి, అవి సూర్యుడివి కావు. చాలామటుకు ఎక్కడో దూరాన నక్షత్రాలు పేలిన చోట్ల నుంచి బయల్దేరి వస్తాయి. సూర్యుడు చురుగ్గా ఉన్నప్పుడు ఆ గాలిలోని అయస్కాంతపు చిక్కుల్లో పడి వాటిలో చాలా భాగం ఇటు రాలేవు. సూర్యుడు నెమ్మదిస్తే దారి సులువవుతుంది, ఎక్కువ వస్తాయి.

"ఉల్టా హై, టీచర్!" అంది ఆ అమ్మాయి. కళ్ళు వెలిగిపోయాయి. "సూర్యుడు ఠండా అయితే కిరణాలు జ్యాదా. ఫర్నేసు ఆగితే సెగ పెరిగినట్టుంది."

ఆ తలకిందులుతనమే ఆమెకు నచ్చింది. నవంబరులో పిల్లల పండక్కి బడిలో సైన్సు ప్రదర్శన పెడితే, తనే చార్టు గీసింది. మధ్యలో సూర్యుడు, చుట్టూ గాలి బాణాలు, ఒక మూల చిన్న నీలం భూమి. కింద నా చేత దిద్దించుకుని రాసిన వాక్యం: "సూర్యుడు నెమ్మదించిన ఏళ్ళలో అంతరిక్షంలో విశ్వకిరణాలు పెరుగుతాయి." వాక్యంలో తప్పు లేదు. పక్కన నిలబడి ఆమె హిందీలో వివరిస్తుంటే తలుపు దగ్గర కాసేపు విన్నాను. తడుముకోకుండా చెబుతోంది. సంతోషంతో పక్క గదిలో అయస్కాంతాల బల్ల దగ్గరకి వెళ్ళిపోయాను. తెలుగు తల్లులు వచ్చాక ఆమె తెలుగులో చెప్పింది. అది నేను వినలేదు.

అప్పటికి మా పెద్దదానికి పది నెలలు. నేను బడికి వెళ్ళేటప్పుడు పక్క క్వార్టరులో అందరం పెద్దమ్మ అని పిలిచే ఆవిడ దగ్గర వదిలేదాన్ని. శ్రీకాకుళం మనిషి. కొడుకూ కోడలూ ఇద్దరూ పనికి పోతే ఆరు నెలల మనవణ్ణి ఆవిడే చూసుకునేది. పొద్దున్నే ఇద్దరు పిల్లలకీ నూనె రాసి, వాకిట్లో ఎండలో చాప వేసి పడుకోబెట్టేది. ప్రదర్శన అయిన కొద్దిరోజులకు, ఒకనాడు వాకిట్లో చాప లేదు. పిల్లలిద్దర్నీ లోపలి గదిలో కూర్చోబెట్టుకుని ఉంది.

"ఎండలో వెయ్యలేదేం పెద్దమ్మా?"

"ఎండేటి పంతులమ్మా! మీదనుంచి కిరణాలు రాల్తన్నాయంట. పసిగుంటలకి మంచిది కాదంట."

"ఎవరన్నారు?"

"మీ బళ్ళోనే సెప్పినారంట కదేటి! నువ్వే రాయించినావంట. సూర్యుడికి బాగోనేదంట, అందుకని అయ్యి ఎక్కువైపోనాయంట."

నాకు ముందు నవ్వొచ్చింది. కూర్చుని విడమరిచి చెప్పబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"కతలొద్దు. అయ్యి ఇప్పుడు ఎక్కువైనాయా, నేదా? ఆ ముక్క సెప్పు."

"ఎక్కువయ్యాయి గానీ..."

"అదీ."

"అది అంతరిక్షంలో, పెద్దమ్మా."

"అంతరిచ్చం మన నెత్తి మీద కాకపోతే ఇంకెక్కడున్నాది?"

ఆ ప్రశ్నకి ఎమ్మెస్సీ ఫిజిక్సులో జవాబు ఉంది కానీ ఆ వాకిట్లో నిలబడి చెప్పగలిగినంత చిన్నది కాదు. ఇంటికొచ్చి ఉయ్యాలని కిటికీ పక్కనుంచి గోడవైపు జరిపాను. ఎందుకు జరిపానో తెలిసి నవ్వుకున్నాను. కానీ తిరిగి జరపలేదు. వీధిలో తల్లులందరూ చేస్తున్నది అదే, వాళ్ళకి నవ్వు రాలేదు, అంతే తేడా.

ఇదంతా ఒక తమాషాగా మిగిలిపోయేదే. డిసెంబరులో పోలియో చుక్కల రోజు ఉందని చెప్పడానికి ఆరోగ్య కేంద్రం సిస్టర్ బడికి రాకపోయి ఉంటే. దేశమంతా ఒకే రోజున పసిపిల్లలకి చుక్కలు వేయడం అదే మొదలు. మన బడి మైదానంలో పందిరి వేస్తారు, టీచర్లు సాయం చేయాలి. అంతా చెప్పి ఆమె నా వైపు తిరిగింది.

"మిగతా వీధులవాళ్ళు వస్తామన్నారు, దీదీ. మీ తెలుగు వీధులవాళ్ళే తలుపు తియ్యడం లేదు. బయట కిరణాలు కురుస్తున్నాయట, పిల్లల్ని తీసుకురారట. బాత్ తో ఆప్ హీ కే స్కూల్ సే నికలీ హై. ఆ మాట పుట్టింది మీ బడిలోనే."

ఆ మాటతో నవ్వంతా పోయింది. మా వీధి చివర ఇంట్లో ఒక అబ్బాయి ఉండేవాడు, కాలికి ఇనుప పట్టీలు, చంకలో కర్ర. వాడు మా బడిలోనే ఏడో తరగతి. వాడు మెట్లెక్కే చప్పుడు రోజూ వింటూనే ఉంటాం. ఆ చుక్కలు పడని పసివాడు మన వీధిలో ఒక్కడు మిగిలినా, అది నా దగ్గర మొదలైన మాట వల్ల.

హెడ్‌మిస్ట్రెస్‌గారు మంచి మనిషి, తొందర మనిషి. "ఇంత ఆలోచనెందుకమ్మా? అదంతా అబద్ధం, ఏ కిరణాలూ పెరగలేదు అని రాసి గేటుకి అంటించెయ్. చుక్కలయ్యాక కావాలంటే మళ్ళీ నిజం చెప్పుకుందువుగాని."

నిజం చెప్పాలంటే, కాగితం చేతిలోకి తీసుకున్నాను కూడా. చార్టు తిరిగి తీసుకెళ్ళడానికొచ్చిన ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. అప్పటికే వీధిలో పిల్లలు ఆమెను "కిరణ్ దీదీ ఆ గయీ, భాగో!" అంటూ పారిపోతున్నట్టు నటించి ఏడిపిస్తున్నారట. క్లాసులో చెయ్యెత్తడం మానేసింది. నన్నే చూస్తూ అడిగింది.

"టీచర్, ఝూట్ థా క్యా?"

"కాదు."

"ఫిర్? అబద్ధం అని ఎందుకు రాస్తున్నారు?"

కాగితం హెడ్‌మిస్ట్రెస్‌గారి బల్ల మీదే వదిలేశాను. "నేను ఇల్లిల్లూ తిరిగి చెబుతాను మేడమ్" అన్నాను. "ఏం చెబుతావు?" అన్నారావిడ. అది నాకూ తెలియదు.

ఒక సంగతి మాత్రం బుర్రలో తిరుగుతూ ఉంది. ఈ భయం తెలుగు వీధుల్లోనే ఎందుకు? ప్రదర్శనకి హిందీవాళ్ళూ వచ్చారు, అదే అమ్మాయి చెప్పింది. వాళ్ళ పిల్లలు ఎండలో హాయిగా పొర్లుతున్నారు. ఆ అమ్మాయిని ఖాళీ క్లాసులో కూర్చోబెట్టి, ఆ రోజు ఎలా చెప్పిందో అలాగే చెప్పమన్నాను. ముందు హిందీలో. "ధర్తీ కే ఊపర్ కాస్మిక్ కిరణే బఢ్ జాతీ హై." సరిగ్గానే ఉంది. ఇప్పుడు తెలుగులో.

"భూమి మీద విశ్వకిరణాలు పెరుగుతాయి."

"అంతరిక్షంలో అనలేదా?"

"ఆ మాట ఎవరికీ సమఝ్ అవ్వట్లేదు టీచర్. అందుకే ఈజీగా చెప్పాను. ఊపర్ అంటే మీదే కదా?"

హిందీలో ఊపర్ అంటే పైన కూడా, మీద కూడా. మన భాషలో అవి రెండు మాటలు. ఫ్యాను తలకి పైన ఉంటే గాలి, తల మీద ఉంటే కుట్లు. భిలాయిలో పుట్టిన పిల్ల తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది. హిందీలో ఆలోచించి, తెలుగులో ప్రేమగా విడమరిచి చెప్పిన తప్పు. విషయం చెబితే ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "హాయ్ రామ్, ఒక్క మాటకా!"

ఒక్క మాట దిద్దితే చాలనుకుని ఇద్దరం బయల్దేరాం. మొదటి ఇంట్లోనే తెలిసింది, చాలదని. "భూమి మీద కాదండీ, భూమికి పైన, చాలా పైన" అంటే ఆ ఇంటి కోడలు పాపను పమిట కిందకి లాక్కుంటూ, "మరి పైనున్నది కిందకి రాదేటండి? వాన పైనేగా ఉంటాది?" అంది. రెండో ఇంట్లో, "నిజవేటో మీకే తెల్దు, రోజుకో మాట" అన్నారు. మూడో ఇంట్లో తలుపు సందులోంచే మాట్లాడారు. నేను ప్రతిచోటా "నిజమే, కానీ" అని మొదలుపెడుతున్నాను. వాళ్ళు "నిజమే" దగ్గర వినడం ఆపేస్తున్నారు.

చీకటి పడకముందే అలసిపోయి, మా పిల్లని తెచ్చుకోవడానికి పెద్దమ్మ ఇంటికి వెళ్ళాం. పిల్లలిద్దరూ నేల మీద దోమతెర కింద పడుకుని ఉన్నారు. గొడుగులా ముడుచుకునే చిన్న తెర. పైన ఫ్యాను తిరుగుతోంది. డిసెంబరు చలికి దుప్పటి కప్పి మరీ ఫ్యాను వేయడం ఇక్కడ అందరిళ్ళలో ఉన్నదే, దోమల కోసం. పెద్దమ్మ నన్ను కూర్చోమని, చెప్పిందే మళ్ళీ చెప్పసాగింది.

"నువ్వు సదువుకున్నదానివి, నాను కాదన్ను. గానీ నువ్వే అన్నావు, ఎక్కువైనాయని."

అప్పుడు వోల్టేజీ పడిపోయి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదించాయి. గదిలో దోమలు ముసిరాయి. నా చెవి దగ్గర ఒకటి, ఆ అమ్మాయి మోచేతి మీద ఒకటి. పెద్దమ్మ మాట ఆపకుండానే చేత్తో తెర అంచు ఒకసారి సర్ది, పిల్లలు లోపల కదలకుండా ఉన్నారని చూసుకుని, మళ్ళీ నా వైపు తిరిగింది.

ఆ అమ్మాయి పెద్దమ్మని చూసి పకపకా నవ్వింది. "నానీ, నువ్వే చెప్పేశావు!"

"ఏటి సెప్పినాను?"

"ఫ్యాను సూర్యుడు. ఫ్యాను జోరుగా తిరిగితే దోమలు రావు. స్లో అయితే ఎక్కువవుతాయి. అవి ఫ్యాను దోమలు కాదు, బయటినుంచి వచ్చిన దోమలు. అయినా జాలీ లోపల మున్నాకి ఏమైంది? ఏం కాలేదు! భూమికి కూడా జాలీ ఉంది."

పెద్దమ్మ ఫ్యాను వైపు చూసింది, తెర వైపు చూసింది. "భూమికి దోమతెరా? ఎవులు కట్టినారు?"

"గాలే పెద్దమ్మా" అన్నాను. "మన నెత్తి మీద మైళ్ళకొద్దీ గాలి ఉంది. దానికి తోడు భూమికి అయస్కాంత బలం ఉంది. మనలాంటి ఎండదేశాల దగ్గర ఆ బలం ఇంకా గట్టిగా అడ్డుపడుతుంది. తెర బయట అవి పెరిగినా, కింద మన దగ్గర తేడా ఉందా లేదా అన్నట్టే ఉంటుంది."

"తెరలోకి ఒకటీ అరా దూరవేటి?"

దూరవు అంటే అక్కడితో అయిపోయేది. ఆ అమ్మాయి నన్ను చూస్తోంది.

"దూరతాయి. ఎప్పుడూ దూరుతూనే ఉన్నాయి. మీ అమ్మ నీకు నూనె రాసి ఎండలో వేసినప్పుడూ దూరాయి. సూర్యుడు అప్పట్నించి ఎన్నిసార్లు నెమ్మదించాడో."

"మరి నాకేటీ అవనేదు కదా" అంది పెద్దమ్మ తనలో తను. తర్వాత, "సూద్దాంలే" అంది. ఒప్పుకోలేదు, కాదనలేదు.

మర్నాటి నుంచి ఆ అమ్మాయి నన్ను పక్కకి జరిపి తనే చెప్పింది. ప్రతి ఇంట్లో ఫ్యాను వేయించేది, తగ్గించమనేది, తెర చూపించేది. ఏడిపించే పిల్లలు వెంటపడి వింటూ, ఆఖరికి తెర పట్టుకునే పనికి పోటీ పడ్డారు. కొందరు నవ్వారు, కొందరు వస్తామన్నారు, చాలామంది పెద్దమ్మ అన్నమాటే అన్నారు. చూద్దాంలే.

చుక్కల రోజు పొద్దున్నే మా పిల్ల ఒళ్ళు వెచ్చబడింది. థర్మామీటరు పెట్టి చూశాను, కాస్త ఎక్కువ. ముక్కు కారుతోంది. నైట్ షిఫ్టు నుంచి వచ్చిన మావారు నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "ఇవాళ వద్దులే. ఒక్క పిల్ల లేకపోతే ఏమైంది?" అన్నారు.

"ఆ ఒక్క పిల్లే నాది" అన్నాను.

కొద్దిపాటి వెచ్చదనానికీ జలుబుకీ చుక్కలు ఆపక్కర్లేదని సిస్టర్ ముందే చెప్పింది. తెలుసు. తెలిసినవన్నీ తెలుసు. శాలువా చుట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ చుట్టి, ఎత్తుకుని బయల్దేరాను.

మన బడి మైదానం మీకు తెలుసు. గేటు దాటగానే పొడుగాటి వరండా, ఆ చివర గోడ పక్కన పందిరి, మధ్యలో ఒక్క చెట్టూ లేని నేల. మిగతా వీధుల తల్లులు వెనక గేటు నుంచి నేరుగా పందిట్లోకి వచ్చి పోతున్నారు. మన వీధుల వాళ్ళు వచ్చారు. వచ్చి వరండాలో, కప్పు కింద, పిల్లల్ని చంకనేసుకుని నిలబడిపోయారు. ఎవరూ మెట్టు దిగడం లేదు. ఆ అమ్మాయి అటూ ఇటూ తిరుగుతూ "రండి ఆంటీ, చలియే నా" అని బతిమాలుతోంది. స్తంభం దగ్గర పెద్దమ్మ, చేతుల్లో మనవడు.

అందరూ నా చేతుల్లో ఉన్న శాలువా మూటనే చూస్తున్నారు. నేను మెట్లు దిగాను. డిసెంబరు ఆకాశం నీలంగా, మబ్బు లేకుండా ఉంది. ఆకాశం అంత పెద్దదని అంతకుముందు నేనెప్పుడూ అనుకోలేదు. పిల్ల తల మీద శాలువా కప్పబోయి, వెనక అంతమంది చూస్తున్నారని గుర్తొచ్చి, కప్పలేదు. పందిట్లో సిస్టర్ పిల్ల నోరు తెరిపించి రెండు చుక్కలు వేసింది. పిల్ల మొహం చిట్లించి, ఆలోచించి, ఏడ్చింది. అదే మైదానం మీదుగా తిరిగి వరండాకి వచ్చాను.

పెద్దమ్మ పిల్ల మెడ మీద చెయ్యి వేసి చూసి అదిరిపడింది. "వొల్లు ఎచ్చగున్నాది కదే! జొరం గుంటని ఎత్తుకొచ్చీసినావేటి? మతుందేటి నీకు?"

"కాస్త వెచ్చనే పెద్దమ్మా. సిస్టర్ చూసింది, పర్వాలేదంది."

"నీకు బయిం నేదేటి?"

వరండా అంతా వింటోంది. లేదంటే బాగుండేది, టీచరు కాబట్టి. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"ఉంది" అన్నాను.

పెద్దమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఇన్ని రోజులుగా ఆవిడకి సూర్యుడి గురించీ గాలి గురించీ ఎన్నో చెప్పాను. అన్నిటికీ తల అడ్డంగానో నిలువుగానో ఊపింది కానీ అలా చూడలేదు. తర్వాత మనవడి టోపీ సర్ది, వాణ్ణి నా ఖాళీగా ఉన్న చంకలో పెట్టేసింది.

"అయితే నువ్వే తీసుకెల్లు. నాను ఎనకాలే వొస్తాను."

వాడు మా పిల్లకన్నా నాలుగు నెలలు చిన్న, బరువు మాత్రం ఎక్కువ. పట్టు దొరకడానికి ఒకసారి ఎగరేసి సర్దుకోవాల్సి వచ్చింది. అటు ఒకరు, ఇటు ఒకరు, మళ్ళీ మెట్లు దిగి ఎండలోకి నడిచాను. వెనక గులకరాళ్ళ మీద పెద్దమ్మ చెప్పుల చప్పుడు వినిపించింది. కొంచెం దూరం వెళ్ళాక దాని వెనక ఇంకొక జత చెప్పులు, ఆ వెనక పట్టీల గలగల, ఎవరో కోడలిది. ఎంతమంది దిగారో చూడాలని ఉంది. తిరిగి చూస్తే ఆగిపోతారేమోనని, చూడకుండా నడిచాను.